1658లో న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక ఇల్లు చేతులు మారాలంటే ఏమేం జరగాలి?

నదీముఖం:

డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ ఏలుబడిలోని న్యూ ఆమ్‌స్టర్‌డామ్ (నేటి న్యూయార్క్) మీద ఒక పెద్ద వ్యాసం రాస్తున్నాను. అందులో ఒక ఇంటి అమ్మకాన్ని మొదటి మాట దగ్గర్నుంచి చివరి సంతకం దాకా చూపించాలి. లెక్క కోసం ఇలా అనుకున్నాను: కాలం 1658 వసంతం. అమ్మేది ఒక వితంతువు, ఇద్దరు మైనరు పిల్లలు. ఇల్లు ఊరి లోపల, వీధి వైపు గోడ ఇటుకది, వెనక కాస్త పెరడు. కొనేవాడు హడ్సన్ నది ఎగువన బేవర్‌వైక్‌లో (నేటి ఆల్బనీ) తోళ్ళ బేరం చేసే మనిషి. ధర 1,800 గిల్డర్లు, మూడు వాయిదాలు.

తెలియాల్సినవి ఇవి. హక్కు ఏ కాగితంతో మారుతుంది? 1,800 గిల్డర్లు అసలు దేనిలో ఇస్తారు? నేరుగా బేరమా, వేలమా? పిల్లల వాటా సంగతేమిటి? ఎక్కడెక్కడ బెడిసికొట్టేది? కోర్టు రికార్డుల ఇంగ్లీషు అనువాదాలు చదివాను కానీ ముక్కలు ముక్కలుగా ఉన్నాయి, ఏది ముందో ఏది వెనకో తెలియడం లేదు.

---

చెక్కుబందీ:

ముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకుంటాయి. బేరం కుదిరితే ఇల్లు మారదు, డబ్బు చేతికిస్తే మారదు, తాళం ఇచ్చినా మారదు. ఊరి న్యాయస్థానం సభ్యుల ముందు అమ్మినవాళ్ళు నిలబడి "ఈ ఇంటిని ఫలానావారికి దఖలు పరుస్తున్నాను" అని చెప్పి, అది రిజిస్టరులోకి ఎక్కినప్పుడే మారుతుంది. ఆ దస్తావేజు పేరు ట్రాన్స్‌పోర్ట్. ఇది ఆ ఊరివాళ్ళు కొత్తగా పెట్టుకున్న పద్ధతి కాదు. స్థిరాస్తి బదిలీ గానీ తనఖా గానీ స్థానిక న్యాయస్థానం ముందే జరగాలని అప్పట్లో నెదర్లాండ్స్‌ను ఏలిన చక్రవర్తి అయిదో చార్లెస్ 1529లో ఇచ్చిన శాసనం హాలండ్ చట్టంలో భాగం. అదే సముద్రం దాటి వచ్చింది.

కాగితాల వరుస ఇది.

మొదటిది గ్రోంద్‌బ్రీఫ్, అంటే కంపెనీ తరఫున డైరెక్టరు, ఆయన కౌన్సిలు ఇచ్చిన పట్టా. మనకు దొరికేవి ఎక్కువగా కీఫ్ట్ డైరెక్టరుగా వచ్చిన 1638 నుంచి కనిపిస్తాయి. ఒక స్థలానికి మూలపత్రం ఇదే. తర్వాత ఎన్ని చేతులు మారినా ప్రతి ట్రాన్స్‌పోర్ట్‌లో "ఫలానా తేదీ గ్రోంద్‌బ్రీఫ్ ప్రకారం" అని దాన్ని ఎత్తిచూపాలి. పట్టా ఇచ్చే అధికారం చివరిదాకా డైరెక్టరు, కౌన్సిలు చేతిలోనే ఉంది, ఊరి పాలకులకు లేదు.

రెండోది కొనుగోలు ఒప్పందం. కార్యదర్శి దగ్గరో నోటరీ దగ్గరో రాయిస్తారు. ధర, వాయిదాలు, దేనిలో చెల్లించాలి, ఎప్పుడు స్వాధీనం చేయాలి, అన్నీ ఇందులోనే ఉంటాయి.

మూడోది ట్రాన్స్‌పోర్ట్. 1653 ఫిబ్రవరిలో ఊరికి నగర హోదా వచ్చింది: ఒక స్కౌట్ (నేరాల విచారణ నడిపే అధికారి), ఇద్దరు బర్గోమాస్టర్లు (నగర పెద్దలు), అయిదుగురు స్కేపెన్లు (న్యాయస్థానం సభ్యులు). అంతకుముందు బదిలీలు డైరెక్టరు, కౌన్సిలు, వాళ్ళ కార్యదర్శి దగ్గర జరిగేవి. నగరం సొంతంగా నడిపిన బదిలీల, తనఖాల పుస్తకాలు 1654 నుంచి ఉన్నాయి. మీ 1658 అమ్మకం పెర్ల్ వీధి ఒడ్డున ఉన్న నగరభవనంలో ఇద్దరు స్కేపెన్ల ముందు జరుగుతుంది. అప్పటి నగర కార్యదర్శి యోహానెస్ నెవియస్.

మీరు తికమకపడింది బహుశా ఇక్కడే. ట్రాన్స్‌పోర్ట్‌లో ధర ఉండదు. "మొదటి కాసు నుంచి చివరి కాసు దాకా ముట్టింది" అన్న వాక్యం ఉంటుంది, అంతే. ధర కావాలంటే ఒప్పందంలోనో, వేలం షరతుల్లోనో, వాయిదా ఎగ్గొట్టిన కేసులోనో వెతకాలి. ఒకే అమ్మకం మూడు చోట్ల మూడు తేదీలతో కనిపిస్తే మూడు అమ్మకాలనుకోకండి.

హద్దులు నాలుగు దిక్కులా పొరుగువాళ్ళ పేర్లతో రాస్తారు, ఆపైన కొలతలు రూడ్, అడుగు, అంగుళాల్లో. ఏ రూడ్ అన్నది చూసుకోండి. రైన్‌లాండ్ రూడ్‌కి 12 అడుగులు, అడుగు 31.4 సెంటీమీటర్లు. ఆమ్‌స్టర్‌డామ్ రూడ్‌కి 13 అడుగులు, అడుగు 28.3 సెంటీమీటర్లు, ఆ అడుగుకి అంగుళాలు పదకొండే. వీధి వైపు "2 రూడ్ల 3 అడుగులు" అంటే మొదటి లెక్కన 8.48 మీటర్లు, రెండో లెక్కన 8.2 మీటర్లు. పాతిక సెంటీమీటర్ల పైన తేడా. పక్కపక్కనే గోడలు లేచిన వీధిలో ఇది చిన్న విషయం కాదు, పొరుగువాళ్ళు కోర్టుకెక్కేది సరిగ్గా ఇలాంటి ముక్క కోసమే.

---

బీవర్‌లెక్క:

డబ్బు సంగతి నేను చెబుతాను. మీ 1,800 గిల్డర్ల పక్కన "దేనిలో" అన్న మాట లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

గిల్డరుకి 20 స్టైవర్లు. ఇది లెక్కలో ఉండే డబ్బు. హాలండ్ నాణెం ఆ ఊళ్ళో అరుదుగా కనపడేది. చేతులు మారేవి రెండు: బీవర్ (బొచ్చు కోసం వేటాడే నీటిజంతువు) తోళ్ళు, సెవాంట్. సెవాంట్ అంటే గవ్వచిప్పల నుంచి తొలిచిన పూసలు, తెల్లవి, నల్లవి. నల్లవి తెల్లవాటికి రెట్టింపు విలువ.

బీవర్‌లో అయితే: మంచి, నిండు, బేరానికి పనికొచ్చే తోలు ఒక్కటి 8 గిల్డర్లు. 1,800 అంటే 225 తోళ్ళు. మూడు సమాన వాయిదాలైతే వాయిదాకి 75. ఒప్పందంలో "నిండు తోళ్ళు" అన్న మాట తప్పనిసరి. అది లేకపోతే చిన్న తోళ్ళు, అరిగినవి తెచ్చి లెక్క కలుపుతారు.

సెవాంట్‌లో అయితే: 1650 శాసనం ప్రకారం దారానికి గుచ్చిన మంచి పూసలు స్టైవరుకి తెల్లవి ఆరు, నల్లవి మూడు. మీ కేసు నాటికి ఆ రేటు ఎనిమిది తెల్లవి, నాలుగు నల్లవికి దిగింది. ఒక్క వాయిదా 600 గిల్డర్లు, అంటే 12,000 స్టైవర్లు. పాత రేటున 72,000 తెల్ల పూసలు, కొత్త రేటున 96,000. మూడు వాయిదాలకి దగ్గర దగ్గర మూడు లక్షలు. దీన్ని బల్ల మీద పోసి లెక్కపెట్టుకోవాలి. అదీ కళ్ళు మూసుకుని కాదు. 1650 శాసనమే ఏమేం కలుస్తున్నాయో ఏకరువు పెట్టింది: విరిగినవి, బెజ్జం సగమే పడినవి, అసలు బెజ్జమే లేనివి, రాతివి, ఎముకవి, గాజువి, చివరికి కొయ్యవి కూడా. అందుకే గుచ్చిన దండలే తీసుకుంటామని పట్టుబట్టేవాళ్ళు, విడి పూసలైతే ధర తగ్గించేవాళ్ళు.

అసలు ప్రమాదం దొంగపూసలు కాదు. శాసనం చెప్పిన రేటు ఒకటి, బజారు రేటు ఇంకొకటి. సెవాంట్ 1650ల నుంచి 1660ల దాకా దిగుతూనే ఉంది. 600 సెవాంట్ గిల్డర్లు తీసుకుని బజారుకెళితే, అక్కడ బీవరుకి 12 అడుగుతుంటే, చేతికొచ్చేవి 75 కాదు, 50. వాయిదాల మీద అమ్మేవాళ్ళు సెవాంట్‌కి ఒప్పుకుంటే ఆ దిగుడంతా తమ నెత్తిన వేసుకున్నట్టే. వితంతువుకి మీరు ఎవరితో సలహా చెప్పించినా మొదటి మాట "బీవర్‌లోనే రాయించుకో" అని ఉండాలి.

వాయిదాల తేదీలూ తోళ్ళ కాలాన్ని బట్టే. ఎగువ నుంచి తోళ్ళు దిగేది వేసవిలో. కాబట్టి మొదటి వాయిదా స్వాధీనం నాడు, రెండోది మరుసటి ఏడు జూన్, జూలైల్లో, మూడోది ఆపై ఏడు అదే సమయానికి అని పెట్టుకోవడం సహజం. జనవరిలో వాయిదా పెడితే తోళ్ళ వ్యాపారి దగ్గర ఏమీ ఉండదు. ఇల్లు అప్పగించేందుకు ఎక్కువగా కనిపించేది మే 1. అద్దెలూ ఆ రోజుతోనే మారేవి.

---

నదీముఖం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు అనుమానాలు. మూడు వాయిదాలు మూడు ఏళ్ళలో పడుతుంటే ట్రాన్స్‌పోర్ట్ ఎప్పుడు? మొదటే ఇచ్చేస్తే ఆమె చేతిలో ఏం మిగులుతుంది? ఇక వేలం వేస్తే నేరుగా అమ్మడం కన్నా ఏం మేలు?

---

జామీను:

మొదటి అనుమానానికి రెండు దారులున్నాయి. ఒకటి, చివరి వాయిదా ముట్టేదాకా ట్రాన్స్‌పోర్ట్ ఇవ్వకపోవడం. అమ్మేవాళ్ళకి ఇది క్షేమం, కొనేవాడికి ప్రమాదం. ఎందుకంటే చెక్కుబందీ గారు చెప్పినట్టు రిజిస్టరులో ఎక్కేదాకా ఇల్లు అమ్మేవాళ్ళదే. ఈలోగా అమ్మినవాళ్ళు అప్పుల్లో మునిగితే అప్పులవాళ్ళు ఇంటి మీదే పడతారు. కొన్నవాడు అందులో ఉంటున్నా సరే, మూడింట రెండొంతులు కట్టేసినా సరే, అతనిది అమ్మినవాళ్ళ మీద దావా మాత్రమే, ఇంటి మీద హక్కు కాదు.

రెండోది, ట్రాన్స్‌పోర్ట్ ఇచ్చేసి, ఆ పూటే మిగిలిన బాకీకి అదే ఇంటిని తనఖా రాయించుకోవడం. తనఖా కూడా స్కేపెన్ల ముందే, రిజిస్టరులోనే. ఇంటిని ప్రత్యేకంగా పేర్కొని, ఆ తర్వాత "నా ఒంటినీ, నాకున్న చరస్థిరాస్తులన్నిటినీ" అని సాధారణ వాక్యం ఒకటి చేరుస్తారు. ముందు నమోదైన తనఖాకే ముందు చెల్లు. ఒక్క రోజు ఆలస్యం చేస్తే, కొన్నవాడు ఆ రోజే ఇంకొకరికి తాకట్టు పెట్టుకునే వీలుంటుంది. అందుకే రెండు సంతకాలూ ఒకసారి కూర్చున్నప్పుడే పూర్తిచేయాలి.

ఈ రెంటికీ తోడు జామీనుదారులు. బేవర్‌వైక్ వేలం షరతులు చదివితే ఇది మాటిమాటికీ వస్తుంది: కొన్నవాడు అమ్మినవాళ్ళకి నచ్చేలా ఇద్దరు గట్టి జామీనుదార్లను తేవాలి, ఇద్దరూ అసలు బాకీదారుల్లాగే బాధ్యులు. వాళ్ళు రెండు రక్షణలు వదులుకుంటున్నట్టు రాసేవాళ్ళు. "ముందు కొన్నవాడి ఆస్తి జప్తు చేసి, చాలకపోతేనే నా దగ్గరికి రండి" అనే హక్కు ఒకటి. "నా వంతు సగమే అడగండి" అనే హక్కు రెండోది. రెండూ వదులుకుంటే ఇద్దరిలో దొరికినవాడి దగ్గర మొత్తం వసూలు చేసుకోవచ్చు. ఎగువ ఊరి వ్యాపారికి న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇల్లూ వాకిలీ ఉన్న ఇద్దరు దొరకడమే మీ కథలో కష్టమైన ఘట్టం కావాలి. బేవర్‌వైక్ వాళ్ళనే తెస్తే వసూలుకి ఇంకో కోర్టు చుట్టూ తిరగాలి.

వేలం సంగతి. షరతులు ముందుగా రాసి, పాట మొదలవడానికి ముందు అందరికీ చదివి వినిపిస్తారు. అందులో సాధారణంగా కనిపించేవి: ఇంట్లో ఏది పోతుంది ఏది ఉంటుంది, స్వాధీనం తేదీ, వాయిదాలు, "మంచి నిండు బీవర్లు, ఒక్కొక్కటి 8 గిల్డర్లు", జామీనుదారులు, వేలం ఖర్చులు కొన్నవాడివే అన్న మాట. ఇల్లు ఏ బాకీ లేకుండా అప్పగిస్తాం, "ప్రభువు హక్కు తప్ప" అన్న వాక్యం కూడా ఉంటుంది.

వీటిలో అన్నిటికన్నా పదునైనది మళ్ళీ వేలం షరతు. పాట పాడినవాడు చెప్పిన గడువులో, చాలాసార్లు 24 గంటల్లో, జామీను తేలేకపోతే అతని ఖర్చు మీద మళ్ళీ వేలం. రెండోసారి తక్కువ వస్తే ఆ తేడా అతనే కట్టాలి. ఎక్కువ వస్తే ఆ లాభం అతనికి రాదు. మీ 1,800 పాట పాడినవాడు చేతులెత్తేసి, రెండోసారి 1,550కి పోతే, ఇల్లు దక్కకుండానే 250 గిల్డర్లు, పైన రెండు వేలాల ఖర్చులు అతని మీద పడతాయి. ఉత్సాహంగా పాడేసి వెనక్కి తగ్గే అలవాటు ఉన్నవాళ్ళని అదుపులో పెట్టేది ఇదే.

నేరుగా బేరంలో ఖర్చు తక్కువ, ధర గుట్టుగా ఉంటుంది. వేలంలో ధర బహిరంగం, తర్వాత ఎవరూ "చవకగా కట్టబెట్టారు" అనలేరు. ఆస్తిలో మైనర్ల వాటా ఉంటే ఈ రెండోదే ముఖ్యం.

---

ఉమ్మడిఆస్తి:

ఆ మైనర్ల దగ్గర ఆగండి, మీ కేసులో అసలు ముడి అక్కడే ఉంది.

వేరే ఒప్పందం రాసుకోకపోతే డచ్ చట్టంలో భార్యాభర్తల ఆస్తి, అప్పు రెండూ ఉమ్మడి. భర్త పోయాక సగం ఆమెది, సగం అతని వారసులది, అంటే ఇద్దరు పిల్లలది. కాబట్టి "వితంతువు ఇల్లు అమ్మింది" అన్న వాక్యమే సరిపోదు. ఆమె తన సగమే సొంతంగా అమ్మగలదు. పిల్లల సగానికి అధికారం కావాలి. మైనారిటీ 25 ఏళ్ళు నిండేదాకా, పెళ్ళయితే అంతకు ముందే తీరుతుంది.

న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో అనాథల ఆస్తి చూసే వేస్‌మేస్టర్ల సభ మినిట్లు 1655 నుంచి ఉన్నాయి. తండ్రి గానీ తల్లి గానీ పోయిన పిల్లలంతా వాళ్ళ లెక్కలో అనాథలే, బతికున్న ఒకరు ఇంట్లోనే ఉన్నా సరే. మీ కేసులో వాళ్ళు అడిగేవి: ఆస్తి జాబితా, వెల కట్టిన పత్రం, అప్పుల పట్టిక, పిల్లలకి సంరక్షకులెవరు.

మూడు పరిస్థితులు ఊహించుకోవచ్చు.

దంపతులు ఉమ్మడి వీలునామా రాసి, బతికున్నవారికే అధికారమంతా ఇచ్చి, వేస్‌మేస్టర్ల జోక్యం వద్దని స్పష్టంగా రాస్తే ఆమె స్వేచ్ఛగా అమ్ముకోగలదు. ఇలాంటి వీలునామాలు ఆ రోజుల్లో మామూలే. మీ వ్యాసంలో కథ తేలిగ్గా నడవాలంటే ఇదొక్కటి పెట్టండి.

వీలునామా లేకపోతే, ఆమె పిల్లల వాటాని వెల కట్టించి, "ఒక్కొక్కరికీ ఇన్ని గిల్డర్లు పెద్దయ్యాక ఇస్తాను, అప్పటిదాకా తిండి, బట్ట, చదువు, ఒక పని నేర్పించడం నా బాధ్యత" అని ఒప్పుకుంటుంది. ఆ మొత్తానికి ఇల్లే తనఖా. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోబోతుంటే ఈ పరిష్కారం పెళ్ళికి ముందే కావాలి. ఇక్కడే కొనేవాళ్ళు దెబ్బతినేది: ఇంటి మీద పిల్లల తనఖా ఉందని చూసుకోకుండా కొంటే, ఆ బాకీ ఇంటితో పాటు వస్తుంది. తనఖాల రిజిస్టరు తీసి చూడకుండా మొదటి వాయిదా ఇవ్వకూడదు.

అప్పులు ఆస్తిని మించిపోతే ఆమెకు ఇంకో దారి ఉంది. భర్త శవపేటిక మీద ఇంటి తాళం పెట్టి, ఒంటి మీది బట్టలతో బయటికి నడిచి ఉమ్మడి ఆస్తినే వదులుకోవడం. అప్పుడు అప్పు ఆమెను అంటదు. ఇల్లు అమ్మేది ఆమె కాదు, ఆ ఆస్తిని చూసేందుకు కోర్టు పెట్టిన క్యూరేటర్లు. మీ కథలో ఆమె అమ్మకందారు కాబట్టి ఈ పని చేసి ఉండకూడదు.

ఒక చిన్న మాట. భర్త బతికుండగా భార్య ఒక్కతే ఇల్లు అమ్మిన పత్రం కనిపిస్తే తప్పు అనుకోకండి. బహిరంగంగా వ్యాపారం చేసే స్త్రీకి తన వ్యాపారం మేరకు ఒప్పందాలు చేసే హక్కు ఉంది. ప్రయాణంలో ఉన్న భర్త ఇచ్చిన అధికారపత్రంతో సంతకం చేసినవాళ్ళూ ఉన్నారు.

---

ఇటుకాసున్నం:

అందరూ కాగితాలే చూస్తున్నారు, ఇంటి సంగతి కూడా చూడాలి కదండీ.

ఏది ఇంటితో పోతుందన్నదానికి షరతుల్లో వచ్చే మాట "నేలకీ, మేకుకీ అంటినదంతా". గోడలో కట్టిన పెట్టె మంచం, గోడ అలమర, నేలలో పాతిన కంచె, బావి గట్టు, అన్నీ ఇంటివే. కదిలే బల్ల, ఇనుప పొయ్యి సామాను, విడి పలకలు కావు. అమ్మేవాళ్ళు ఏదైనా తీసుకుపోవాలంటే షరతుల్లోనే పేరు పెట్టి మినహాయించాలి. పెరట్లో ఉన్న పందుల దొడ్డి, కొట్టం సంగతి రాయకుండా వదిలేస్తే తర్వాత గొడవ ఖాయం.

పొగగొట్టం, పైకప్పు చూడండి. కొయ్య పొగగొట్టాలు కట్టొద్దని 1648లోనే శాసనం వచ్చింది, చూసి జరిమానా వేయడానికి అగ్ని పర్యవేక్షకులు కూడా. 1657 చివర్లో గడ్డి కప్పులు, కొయ్య పొగగొట్టాలు తీసేయమని మళ్ళీ ఆజ్ఞ. నిప్పు ఆర్పే తోలు బాల్చీల కోసం ఇంటికి ఒక బీవర్ లేదా 8 గిల్డర్లు పన్ను వేశారు. మీ 1658 కొనుగోలుదారు అడగాల్సిన ప్రశ్నలు: కప్పు పెంకుదా, గడ్డిదా? పొగగొట్టం ఇటుకదేనా, పైదాకానా? బాల్చీల పన్ను కట్టారా? గడ్డి కప్పైతే మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించుకోవాలి.

చూరు నీళ్ళు ఎటు పడతాయో చూడండి. మొన వీధి వైపు తిరిగిన ఇళ్ళు పక్కపక్కనే ఉంటే కప్పు నీళ్ళు రెండు ఇళ్ళ మధ్య సందులో పడతాయి. ఆ సందు ఎవరిది, నీళ్ళు పడనిచ్చే హక్కు ఎవరిది, కాలువ ఎవరు బాగుచేయాలి, ఇవి దస్తావేజులో ఉండాలి. గోడ ఉమ్మడిదైతే అదీ రాయాలి. పొరుగువాడు నోటిమాటగా ఒప్పుకున్నది కొత్త యజమానికి చెల్లదు.

ఇక వీధి గీత. 1647లో అప్పటి డైరెక్టరు స్టైవెసాంట్ స్థలాల, కట్టడాల గీతలు చూసేందుకు ముగ్గురు రాయ్‌మేస్టర్లను పెట్టాడు. 1656లో వీధుల సర్వే ఖరారయింది. ముందు కట్టిన అరుగు, పంది దొడ్డి వీధిలోకి వస్తే తీసేయమంటారు. కొనేముందు కొలిపించడం మంచిది.

మీ ఇంటి పెరడు పెద్దదైతే ఒక హెచ్చరిక. 1658 జనవరిలో ఖాళీ స్థలాల మీద శాసనం వచ్చింది. కట్టకుండా ఉంచుకున్న స్థలానికి యజమానే విలువ చెప్పాలి, ఏటా అందులో పదిహేనో వంతు పన్ను. 300 గిల్డర్లంటే ఏటా 20. తగ్గించి చెప్పి తప్పించుకుందామంటే, ఆ చెప్పిన ధరకే నగరం తీసుకుని కట్టుకునేవాళ్ళకి ఇచ్చేయొచ్చు. చాలా తెలివైన ఏర్పాటు. వీధిలోకి మొహం ఉన్న ఖాళీ ముక్క పక్కన ఉంటే, దాన్ని ఇంటితో కలిపి కొంటున్నారా లేదా అన్నది కొత్త యజమానికి ఏటా తగిలే లెక్క.

---

నదీముఖం:

కొనేవాడు బేవర్‌వైక్ మనిషి. బయటివాడు కొనడానికి అడ్డు ఏమైనా ఉందా? ఇంకొకటి, ఆఖరి వాయిదా 1664 దాకా సాగితే ఇంగ్లీషువాళ్ళు వచ్చాక ఏమవుతుంది?

---

చెక్కుబందీ:

ఇల్లు కొనడానికి అడ్డు లేదు. ఇంట్లో దుకాణం తెరవాలంటే 1657లో పెట్టిన బర్గర్ హక్కు, అంటే నగర పౌరహక్కు, కావాలి. చిన్న హక్కు 20 గిల్డర్లు, పెద్ద హక్కు 50. ఊళ్ళో ఏడాది ఆరు వారాలు పొయ్యి, దీపం నిలబెట్టినవాళ్ళకీ, ఇక్కడే పుట్టినవాళ్ళకీ అది ఉంటుంది. బయట నుంచి సీజనుకి వచ్చి అమ్ముకుపోయే వ్యాపారుల్ని ఆపడానికే ఇదంతా.

కొందరికి మాత్రం అడ్డు పడింది, దాన్ని మీ వ్యాసంలో వదలకండి. 1655 చివర్లో సాల్వడార్ దాందరాద అనే యూదు వ్యాపారి, తూనిస్ క్రే ఇంటిని బహిరంగ వేలంలో 1,860 గిల్డర్లకి పాడుకున్నాడు. యూదులు స్థిరాస్తి కొనకూడదని కౌన్సిలు ట్రాన్స్‌పోర్ట్‌కి ఒప్పుకోలేదు. పాట గెలిచినా ఇల్లు రాలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కంపెనీ డైరెక్టర్లు 1656 జూన్‌లో స్టైవెసాంట్‌ని మందలిస్తూ, ఈ హక్కు ఇక్కడ హాలండ్‌లో ఏ ఇబ్బందీ లేకుండా ఇస్తున్నామని రాశారు. బేరం, పాట, డబ్బు అన్నీ సక్రమంగా ఉన్నా, చివరి సంతకం ఆపగలిగినవాడి చేతిలోనే ఇల్లు ఉంటుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఆ రికార్డుల్లో నాకు కనపడలేదు.

1664 సంగతి. ఊరు సెప్టెంబరు 8న లొంగింది. ఇంగ్లీషు పత్రాల్లో అదే రోజు ఆగస్టు 29, ఎందుకంటే వాళ్ళ పంచాంగం పది రోజులు వెనక. తర్వాతి దస్తావేజుల్లో తేదీలు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి, లేకపోతే తనఖా ముందా ట్రాన్స్‌పోర్ట్ ముందా అన్నది తలకిందులవుతుంది.

లొంగుబాటు షరతులు ఇళ్ళ విషయంలో ఉదారంగానే ఉన్నాయి. జనం తమ భూములు, ఇళ్ళు, సామాను అనుభవిస్తూ ఉండొచ్చు. వారసత్వం డచ్ ఆచారం ప్రకారమే. అంతకుముందు కుదిరిన ఒప్పందాల తగాదాలు డచ్ పద్ధతిలోనే తీర్చాలి. వారసత్వాలకి సంబంధించిన రికార్డులు జాగ్రత్త చేయాలి. వెళ్ళిపోవాలనుకునేవాళ్ళు భూములు అమ్ముకుని కుటుంబంతో కదలడానికి ఏడాది ఆరు వారాల గడువు. కాబట్టి మీ వాయిదా బాకీ బాకీగానే ఉంటుంది, బీవర్ అని రాసుంటే బీవరే.

మారింది పట్టా సంగతి. కొత్త గవర్నరు నికోల్స్ పాత పట్టాలని డ్యూక్ ఆఫ్ యార్క్ పేరుమీద ధ్రువీకరించుకోమన్నాడు. 1667 తేదీతో ఉన్న ధ్రువీకరణ పట్టాలు కుప్పలుగా ఉన్నాయి. వాటిలో పాత గ్రోంద్‌బ్రీఫ్ తేదీ, ఆ తర్వాతి ట్రాన్స్‌పోర్ట్‌లు వరుసగా చెప్పి, ఇప్పటి యజమాని పేరుతో ముగిస్తారు. ఒక స్థలం చరిత్ర మొత్తం ఒకే పేజీలో కావాలంటే మొదట వెతకాల్సింది ఇదే. మీ వ్యాపారి 1660లో చివరి వాయిదా కట్టి కూడా ట్రాన్స్‌పోర్ట్ తీసుకోకుండా బద్ధకించి ఉంటే, ఈ ధ్రువీకరణకి అతని చేతిలో చూపడానికి ఏమీ ఉండదు.

---

బీవర్‌లెక్క:

ఒక చిన్న చేర్పు. కేప్‌టౌన్ డచ్ రికార్డులు చదివి ఆ పద్ధతులు ఇక్కడ అతికించకండి. అది వేరే కంపెనీ, ఈస్ట్ ఇండియా కంపెనీ. అక్కడ లెక్క రిక్స్‌డాలర్లలో, ఒక్కోటి 48 స్టైవర్లు. బీవరూ లేదు, సెవాంటూ లేదు. చట్టం మూలం ఒకటే కాబట్టి ట్రాన్స్‌పోర్ట్, తనఖా పోలికగా కనిపిస్తాయి, పన్నులూ వేలం తీరూ అలా కావు.

---

జామీను:

నదీముఖం గారూ, పేర్ల దగ్గర జాగ్రత్త. ఒకే మనిషి ఒప్పందంలో తండ్రి పేరుతో, ట్రాన్స్‌పోర్ట్‌లో ఇంటిపేరుతో, కోర్టు మినిట్లలో వృత్తి పేరుతో వస్తాడు. సంతకం బదులు గుర్తు గీసినవాళ్ళ విషయంలో ఆ గుర్తునే పోల్చుకోండి. అంతకన్నా గట్టిది నాలుగు హద్దులు. పేరు మారినా పక్కింటివాళ్ళు మారరు. ఒక ఇంటిని వెతికేటప్పుడు యజమాని పేరుతో కాకుండా ఉత్తరం వైపు పొరుగువాడి దస్తావేజు తీసి, అందులో దక్షిణపు హద్దుగా ఎవరున్నారో చూడండి. మీ వితంతువు భర్త పేరు అక్కడ దొరుకుతుంది.